తెర మాట్లాడుతుంది, బదులివ్వదు

ఫోను చూపిస్తే తప్ప పాప ముద్ద మింగని ఇళ్లలో ఓ ధీమా కూడా ఉంటుంది: రైమ్స్ చూస్తే మాటలు త్వరగా వస్తాయని. 2003లో సియాటిల్‌లో పరిశోధకురాలు పట్రీషియా కూల్ బృందం చేసిన ప్రయోగం ఈ ధీమాకు గండికొట్టింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు 12 విడతలు చైనా వాళ్ల మాండరిన్ వినిపించారు. ఎదుట కూర్చుని ఆడించిన మనిషి నుంచి పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టేశారు. అదే టీవీలో చూపిస్తే ఏమీ అంటలేదు. బిడ్డ ‘ఊ’ అంటే మనిషి ‘ఊ’ కొడుతుంది. తెరకు ఆ పని చేతకాదు.

మరి అమెరికాలోని మనవడితో అమ్మమ్మ వీడియో కాల్? అది వేరు, ఆవిడ బదులిస్తుంది కదా! రెండేళ్లు దాటిన పిల్లలు అలాంటి ప్రత్యక్ష సంభాషణలో కొత్త క్రియాపదాలు నేర్చుకున్నట్టు 2014 నాటి ఓ అధ్యయనం చూపింది. ఇంటిపనిలో తల్లికి కాస్త తెరిపి కావాలన్నదీ న్యాయమే. అందుకోసం చూపించే తెరకు చదువు అని పేరు పెట్టడమే తప్పు. ఏడాదిలోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.