ఏ గదికి ఏ కిటికీ?

ఫిజీలో పెరిగిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ మాట మీరు వినే ఉంటారు: "ఈ ఇంట్లో గాలి ఆడదు." శాక్రమెంటోలోనో మొడెస్టోలోనో మీరు కొన్న ఇల్లు పాతది. కిటికీలు మార్చాలనుకుంటున్నారు. ధరలు కనుక్కునే ముందు మీ నాయనమ్మ మాట ఒకసారి పట్టించుకోండి. అందులో విషయం ఉంది.

ఆమె పెరిగిన ఇంట్లో లూవర్ కిటికీలు ఉండి ఉంటాయి. అంటే అడ్డంగా, ఒకదాని కింద ఒకటి అమర్చిన గాజు పలకలు. పక్కనున్న పిడి కదిపితే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. కిటికీ ఎంత ఉందో దాదాపు అంతా గాలికి దారే. ఆమెకంటే ముందు తరాలవాళ్లు 1903 నుంచి 1916 వరకు మద్రాసు నుంచి ఓడల్లో వెళ్లిన గిర్మిట్ కూలీలు. వాళ్లు ఉన్న 'లైన్ల'లో చాలా గదులు 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ఒంటరి మగవాళ్లు ముగ్గురికి ఒక గది. మధ్య గోడలు పైకప్పు దాకా ఉండేవి కావు. పక్క గదిలో పొగ, దగ్గు, గొడవ అన్నీ ఇవతలికి వచ్చేవి. అక్కడి నుంచి బయటపడి సొంత ఇల్లు కట్టుకున్నవాళ్లకు, తమ ఇష్టం వచ్చినప్పుడు తెరుచుకునే కిటికీ చిన్న సంగతి కాదు.

మరి ఇక్కడా లూవర్ పెట్టించేద్దామా? వద్దు. ఎంత గట్టిగా మూసినా పలకల మధ్య సందులు ఉంటాయి. జనవరి చలి లోపలికి వస్తుంది, జూలైలో ఏసీ చల్లదనం బయటికి పోతుంది.

1950ల, 60ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది పక్కకు జరిపే అల్యూమినియం కిటికీ, స్లైడర్. మార్చేటప్పుడు కూడా చవగ్గా దొరికేది అదే. కానీ ఒక రెక్క ఎప్పుడూ రెండోదాని వెనకే ఉంటుంది కాబట్టి సగమే తెరుచుకుంటుంది. నాయనమ్మ ఫిర్యాదు సగం దీని గురించే.

1910ల, 20ల బంగళాల్లో డబుల్ హంగ్ ఉంటుంది. రెండు రెక్కలు, ఒకటి పైకి, ఒకటి కిందికి జరుగుతాయి. ఇదీ సగమే తెరుచుకుంటుంది. అయితే పైన కొంచెం, కింద కొంచెం తెరిస్తే వేడి గాలి పైనుంచి పోయి చల్ల గాలి కిందినుంచి వస్తుంది. చాలామంది పై రెక్కను ఎప్పుడో రంగుతో అతికించేసి ఈ సుఖం పోగొట్టుకున్నారు.

మూడోది కేస్‌మెంట్. తలుపులాగా పక్క కీళ్ల మీద బయటికి తెరుచుకుంటుంది. లూవర్ లాగే దాదాపు మొత్తం తెరుచుకునేది ఇదే. శాక్రమెంటో వేసవి సాయంత్రాల్లో నైరుతి నుంచి డెల్టా గాలి వస్తుంది. రెక్క ఆ గాలికి ఎదురుగా తెరుచుకునేలా, కీళ్లు అవతలి పక్కన పెట్టించండి. చాచిన చేయిలా అది గాలిని లోపలికి మళ్లిస్తుంది. కీళ్లు ఏ వైపో ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పాలి. అయితే బయట జనం నడిచే దారి ఉంటే కేస్‌మెంట్ వద్దు, తల తగులుతుంది.

పడకగది దగ్గర ఇంకొంచెం ఆగండి. మంటలు లేస్తే కిటికీయే రెండో ద్వారం. అమెరికాలో ఎక్కువచోట్ల పాటించే నిర్మాణ నియమం ప్రకారం పడకగదిలో తెరిచిన ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు (నేల అంతస్తులో 5), వెడల్పు 20 అంగుళాలు, ఎత్తు 24 అంగుళాలు ఉండాలి. కిటికీ కింది అంచు నేలకు 44 అంగుళాల లోపు ఉండాలి. లెక్క వేసి చూడండి. 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న డబుల్ హంగ్‌లో సగం అంటే 24 అంగుళాల ఎత్తు. అందులోంచి చట్రం మందం పోతే 24 మిగలదు. అదే కొలతకు కేస్‌మెంట్ సరిపోవచ్చు. పాత చట్రంలోనే కొత్త కిటికీ దూర్చే పద్ధతిలో ఖాళీ ఇంకా తగ్గుతుంది. కొన్న తర్వాత కాదు, ముందే నగరపాలక భవన విభాగాన్ని అడగండి. దొంగల భయంతో వేసిన ఊచలు ఉంటే, తాళంచెవి లేకుండా లోపలినుంచి తెరుచుకునేలా మార్పించండి. ఇది మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

పాత చెక్క కిటికీ బాగానే ఉంటే తీయాలా అన్నది వేరే ప్రశ్న. నా మాట అడిగితే, వీధి వైపువి ఉంచండి. ఆ కాలపు చెక్క గట్టిది. తెగిన తాడు మార్చి, సందులు మూయిస్తే ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తుంది. సన్నటి చెక్క అంచుల స్థానంలో లావు ప్లాస్టిక్ చట్రం వస్తే ఇంటి ముఖమే మారిపోతుంది. 1978కి ముందు కట్టిన ఇంటి రంగులో సీసం ఉండవచ్చు. రెక్కలు రాసుకుని రాలే పొడి పసిపిల్లలకు విషం. ఆ పని నేర్చి ధ్రువపత్రం పొందినవాళ్లతోనే చేయించండి.

ఇక ఇంటికొచ్చి, "ఈరోజే సంతకం పెడితే సగం ధర" అనే అమ్మకందారు. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు పనికి అడ్వాన్సు 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఏది తక్కువైతే అంతే. అంతకు మించి అడగకూడదు. ఇంట్లో కూర్చుని పెట్టిన సంతకాన్ని మూడు పనిదినాల లోపు రద్దు చేసుకోవచ్చు. 65 ఏళ్లు దాటినవారికి ఐదు రోజులు.

షోరూముకు వెళ్లేటప్పుడు నాయనమ్మను తీసుకెళ్లండి. కేస్‌మెంట్ పిడి తిప్పమనండి, డబుల్ హంగ్ రెక్క ఎత్తమనండి. కీళ్లనొప్పులున్న ఆ చేతులతో ఏది తెరవగలిగితే ఆమె గదికి అదే కొనండి.