రౌటరు అడుగున ఎనిమిది అంకెలు

మీ ఇంట్లో వైఫై రౌటరును ఒకసారి బోర్లించి చూడండి. అడుగున తెల్ల స్టిక్కరు ఉంటుంది. మోడల్ పేరు, సీరియల్ నంబరు, బార్‌కోడ్, వైఫై పేరు, పాస్‌వర్డు. చాలా రౌటర్లలో వీటి సరసనే ‘డబ్ల్యూపీఎస్ పిన్’ అని ఎనిమిది అంకెలు కూడా అచ్చయి ఉంటాయి. వాటితో మనకెప్పుడూ పని పడదు. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు వాటి మాట ఎత్తడు, మనమూ అడగం. పాస్‌వర్డు విషయంలో మాత్రం మహా జాగ్రత్త: పిల్లవాడి పేరు, పెళ్లయిన సంవత్సరం, మధ్యలో ఒక ‘ఎట్’ గుర్తు. ఇంతా చేస్తే, ఆ ఎనిమిది అంకెలు చెప్పగలిగినవాడికి మన పాస్‌వర్డును రౌటరే చేతిలో పెట్టి పంపిస్తుంది. అది ఎనిమిది అక్షరాలదైనా అంతే, అరవై మూడు అక్షరాలదైనా అంతే.

ఈ ఏర్పాటు చేసినవాళ్లు దురుద్దేశంతో చేయలేదు. వైఫై పరికరాల కంపెనీల సంఘం వైఫై అలయన్స్ 2007లో ఈ డబ్ల్యూపీఎస్ (వైఫై ప్రొటెక్టెడ్ సెటప్) పద్ధతిని తెచ్చింది. అప్పట్లో అసలు సమస్య వేరు. పాస్‌వర్డు పెట్టుకోవడం ఎలాగో తెలియక, తెలిసినా విసుగుపుట్టి, చాలామంది వైఫైని బార్లా తెరిచి ఉంచేసేవారు. దాని ఫలితం ఎలా ఉంటుందో మన దేశం 2008 జులైలో చూసింది. అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు వచ్చిన ఈమెయిలు ఎక్కడిదని పోలీసులు ఆరా తీస్తే, నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాటు దగ్గర తేలింది. ఆయన వైఫైకి తాళం లేదు. ఎవరో వాడుకుని పోయారు, పోలీసులు వచ్చింది మాత్రం ఆయన గుమ్మంలోకి.

అందుకే, పాస్‌వర్డు టైపు చేసే పని లేకుండా పరికరాన్ని రౌటరుకు జతచేసే తేలిక దారి ఒకటి ఉండాలనుకున్నారు. కీబోర్డు లేని ప్రింటర్‌లో బాణం మీటలు నొక్కుతూ ఒక్కో అక్షరం ఎక్కించినవారికి ఆ తేలిక విలువ తెలుసు. ప్రధానంగా రెండు పద్ధతులు పెట్టారు. ఒకటి, రౌటరు మీద బటన్ నొక్కి, రెండు నిమిషాల లోపు పరికరం మీదా నొక్కడం. రెండోది, ఎనిమిది అంకెల పిన్. చిక్కంతా ఈ రెండోదానితోనే.

ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు. ఒక్కో ప్రయత్నానికి మూడు సెకన్లు పట్టిందనుకున్నా, అన్నీ తిరగేయడానికి తొమ్మిదిన్నరేళ్లు కావాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఎనిమిదో అంకె నిజానికి పిన్‌లో భాగం కాదు. నంబరు ఎక్కించడంలో పొరపాటు దొర్లితే పట్టుకోవడానికి పెట్టిన సరిచూపు అంకె అది. కొన్ని రౌటర్లకు ఫ్యాక్టరీలోనే పెట్టి పంపిన పిన్ ఒకటుంది: 12345670. దీన్నే తీసుకోండి. బేసి స్థానాల్లో ఉన్న 1, 3, 5, 7 కూడితే 16, దాన్ని మూడుతో గుణిస్తే 48. సరి స్థానాల్లోని 2, 4, 6 కూడితే 12. మొత్తం 60. దీన్ని పదితో భాగిస్తే శేషం రాకుండా చేయడానికి ఇంకెంత కలపాలి? ఏమీ అక్కర్లేదు. కాబట్టి చివరి అంకె సున్నా. మొదటి ఏడూ తెలిస్తే ఎనిమిదోది ఎవరైనా కాగితం మీద లెక్కకట్టేస్తారు. పది కోట్లు కాస్తా కోటికి దిగాయి. తొమ్మిదిన్నరేళ్లు ఏడాదికి తగ్గాయి.

అదైనా నిలిచిందా అంటే లేదు. ఆస్ట్రియాకు చెందిన స్టెఫాన్ ఫీబ్యోక్ అనే పరిశోధకుడు 2011 డిసెంబరులో బయటపెట్టిన సంగతి ఇదీ: రౌటరు ఎనిమిది అంకెలనూ ఒక్కసారిగా చూడదు. మొదట నాలుగు చూస్తుంది. అవి తప్పయితే అక్కడికక్కడే కాదనేస్తుంది. ఒప్పయితే ముందుకు సాగి మిగతా సగం అడుగుతుంది.

పెళ్లిళ్లకు పట్టుకెళ్లే పాతకాలం బ్రీఫ్‌కేసులకు కుడివైపు మూడంకెలు, ఎడమవైపు మూడంకెలు తాళాలుండేవి, గుర్తుందా? ఆరంకెలు కదా, పది లక్షల అవకాశాలు కదా అనిపిస్తుంది. కానీ ఎడమ తాళం ఒక్కటే తిప్పుతూ పోతే వెయ్యి లోపు టక్కున తెరుచుకుంటుంది. కుడిదానికి ఇంకో వెయ్యి. పది లక్షల పని రెండు వేలకు వచ్చేసింది. రౌటరులోనూ అదే లెక్క. మొదటి నాలుగంకెలకు 10,000 అవకాశాలు. రెండో సగంలో సరిచూపు అంకె పోగా మిగిలేవి మూడే, 1,000 అవకాశాలు. అన్నీ కలిపి 11,000. మూడు సెకన్ల చొప్పున తొమ్మిది గంటల పది నిమిషాలు. రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే పొద్దున కాఫీ వేళకు పని అయిపోతుంది.

ఇంత తెలివితక్కువగా రెండు ముక్కలు ఎందుకు చేశారని అడగాలనిపిస్తుంది. చేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, వాళ్ల భయం వేరు. అవతల ఉన్నది అసలు పరికరమేనని ఎలా నమ్మడం? నకిలీదైతే, పిన్ మొత్తం ఒకేసారి బయటపెట్టుకున్నట్టే. అందుకని సగం సగంగా ఒకరికొకరు రుజువు చూపించుకునేలా అల్లారు. ఇద్దరి మధ్య నడిచే సందేశాలు ఎనిమిది. నాలుగో సందేశంలో వచ్చినవాడు మొదటి సగం తనకు తెలుసని రుజువు చేయాలి, ఆరోదానిలో రెండో సగం. అవతలివాడు మోసగాడైతే సగమే దక్కుతుంది. ఆ పిన్ ఒక్కసారి వాడి పారేసేదైతే ఈ పద్ధతి చక్కగా పనిచేసేది. కానీ రౌటరుకు ప్రతిసారీ కొత్త నంబరు చూపించే తెర ఎక్కడిది? స్టిక్కరు మీద అచ్చేసిన నంబరు పెట్టెకు ఆయుష్షున్నంత కాలం అదే. వచ్చినవాడు ఎన్నిసార్లయినా వచ్చి అడగవచ్చు. రెండు సగాలూ కలిశాక, ఏడో సందేశంలో రౌటరు వైఫై పాస్‌వర్డును పంపించేస్తుంది. మీరు రేపు పాస్‌వర్డు మార్చినా అదే పిన్ చెప్పి కొత్తదీ తీసుకుపోతాడు.

ఫీబ్యోక్‌తో సంబంధం లేకుండా అమెరికాలో క్రెయిగ్ హెఫ్నర్ కూడా ఇదే లోపం పట్టుకుని, ‘రీవర్’ అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం హెచ్చరిక ఇచ్చింది. కంపెనీలు మేల్కొని, కొన్ని తప్పులు పడగానే కాసేపు తలుపు వేసుకునే ఏర్పాటు చేశాయి. మూడు తప్పులకు ఒక నిమిషం ఆగే రౌటరైతే తొమ్మిది గంటల పనికి సుమారు మూడు రోజులు పడుతుంది. అపార్ట్‌మెంటులో పై ఫ్లోరులో ఉండేవాడికి మూడు రోజులు ఒక లెక్కా?

ఆ అడ్డంకి కూడా 2014లో చాలా రౌటర్ల విషయంలో తేలిపోయింది. స్విట్జర్లాండ్‌కు చెందిన డొమినీక్ బొంగార్డ్ చూపించిన ఈ దాడికి ‘పిక్సీ డస్ట్’ అని పేరు. మాటల మధ్యలో, మూడో సందేశంలో, రౌటరు తన పిన్ సగాలను రెండు రహస్య సంఖ్యలతో కలిపి, గుర్తుపట్టలేనట్టు నూరి పంపుతుంది. ఆ రహస్య సంఖ్యలు ఎవరూ ఊహించలేనివైతే భయం లేదు. కొన్ని చిప్పులు వాటిని ఊహించగలిగేంత నాసిగా తయారుచేస్తున్నాయని బొంగార్డ్ గమనించాడు. కొన్నింటిలోనైతే ఆ ‘రహస్య సంఖ్య’ ఎప్పుడూ సున్నాయే! ఇక రౌటరును పదేపదే అడిగే పనే లేదు. ఒక్కసారి మాట కలిపి, వచ్చింది పట్టుకెళ్లి, ఆ 11,000 అవకాశాలనూ తన ల్యాప్‌టాప్‌లోనే సరిచూసుకోవచ్చు. కొన్ని సెకన్ల పని. తలుపు వేసుకోవడానికి రౌటరుకు అసలు తప్పే కనబడదు.

బటన్ పద్ధతి దీనికన్నా చాలా నయం. ఎవరో ఒకరు ఇంట్లోకి వచ్చి నొక్కాలి, నొక్కినా రెండు నిమిషాలే. అయితే చాలా పెట్టెల్లో బటనూ పిన్నూ ఒకే స్విచ్చు కింద ఉంటాయి. బటన్ ఎప్పుడూ వాడకపోయినా పిన్ తలుపు తీసే ఉండవచ్చు. రెండూ కట్టేయడమే నా సలహా. ఐఫోన్‌లో ఈ సౌకర్యం మొదటినుంచీ లేదు. ఆండ్రాయిడ్ 2018లో తొమ్మిదో వెర్షన్‌తో తీసేసింది. ఆ ఏడాదే వచ్చిన డబ్ల్యూపీఏ3 భద్రతా విధానంలో దీనికి చోటే లేదు. వచ్చిన చుట్టాలకు వైఫై ఇవ్వాలంటే మన ఫోన్‌లోంచి క్యూఆర్ కోడ్ చూపిస్తే సరిపోతోంది.

కట్టేయడం పది నిమిషాల పని. వైఫైలో ఉండగా ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో బ్రౌజరు తెరిచి 192.168.1.1 అని కొట్టాలి. కొన్నింటికి 192.168.0.1, జియో ఫైబర్‌కు 192.168.29.1. స్టిక్కరు మీద ఉన్న యూజర్ నేమ్, పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, ‘వైర్‌లెస్’ అనో ‘డబ్ల్యూలాన్’ అనో ఉన్నచోట డబ్ల్యూపీఎస్ వెతికి ఆపేయాలి. 2.4 గిగాహెర్ట్జ్‌కు ఒకటి, 5 గిగాహెర్ట్జ్‌కు ఒకటి విడివిడిగా ఉంటే రెండూ ఆపాలి. సేవ్ నొక్కడం మరవకూడదు. పెట్టె వెనక ఉన్న బటన్ జోలికి మాత్రం పోవద్దు. కొన్ని మోడళ్లలో డబ్ల్యూపీఎస్‌కూ రీసెట్‌కూ ఒకటే బటను. కాస్త ఎక్కువసేపు నొక్కితే సెట్టింగులన్నీ చెరిగిపోయి, మళ్లీ కనెక్షన్ కుర్రాడికి ఫోన్ చేయాల్సి వస్తుంది. నెట్ ఇచ్చే కంపెనీ తన రౌటర్లలో ఈ మెనూ దాచేస్తే, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆపించమని అడగవచ్చు, అడగాలి కూడా.

ఆపినా ఆగిందో లేదో చూసుకోవడం మంచిది. మెనూలో ఆపేసినా లోపల పనిచేస్తూనే ఉన్న రౌటర్లు ఈ లోపం బయటపడ్డ కొత్తలో దొరికాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఒకటి వేసుకుంటే చుట్టుపక్కల ఉన్న నెట్‌వర్కుల జాబితా వస్తుంది. ప్రతి పేరు కింద దాని భద్రత వివరాలుంటాయి. వాటిలో మీ పేరు కింద డబ్ల్యూపీఎస్ అన్న మూడక్షరాలు కనిపించకూడదు. కనిపిస్తే రౌటరు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి మళ్లీ చూడాలి. అప్పటికీ పోకపోతే పెట్టె మార్చడం తప్ప దారి లేదు.

దీన్ని పెద్ద భూతం చేయనక్కర్లేదు. వైఫైలో దూరినవాడికి మీ బ్యాంకు ఖాతా దొరికిపోదు, బ్యాంకు యాప్ తన మాటలను తానే విడిగా గుప్తంగా ఉంచుకుంటుంది. కానీ నెట్ మీ పేరున ఉంటుంది, వాడు చేసే పనులు మీ చిరునామా నుంచి వెళ్తాయి. ఇంట్లో ఉన్న కెమెరాకూ టీవీకీ వాడు ఇంటివాడే అవుతాడు. డబ్ల్యూపీఎస్ ఆపేశాక వైఫై పాస్‌వర్డు కూడా ఆ పూటే మార్చేయండి. ఇంతకుముందే ఎవరైనా తీసుకుని ఉంటే పాతది ఇంకా వాళ్ల దగ్గర ఉంటుంది. మార్చాక ఫోన్లూ టీవీ ప్రింటరూ ఒక్కోటీ మళ్లీ కలుపుకోవాలి. ఆ బాణం మీటల తిప్పలు ప్రింటర్ దగ్గర ఒకసారి తప్పవు.