తరుగు లెక్క

మా నాయన బెంగళూరులో యాప్ టాక్సీ తోలుతాడు, ఆదివారాలు ధర్మపురికి వస్తాడు. 2025 జూలైలో ఆడిటర్ గారు పెట్రోలు బిల్లులు అడిగితే డ్యాష్‌బోర్డులోంచి ఒక కట్ట తీసిచ్చాడు. ఎండకు అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్ల కాగితాలే మిగిలాయి! అక్క బి.ఎడ్. లోనుకేమో నాయన రిటర్ను కావాలి. ఆ వారమే నేనీ లెక్కలు నేర్చుకున్నాను. మన క్లాసులో డ్రైవర్ల పిల్లలు ఇంకా ఉన్నారు కదా, వాళ్ల కోసం రాస్తున్నాను.

బాడుగ కారుకు ఆదాయమంటే వచ్చిన డబ్బంతా కాదు. పెట్రోలు, రిపేరు, ఇన్సూరెన్సు, పర్మిటు, టోలు, యాప్ కమీషన్ పోగా మిగిలేదే. నెలనెలా కట్టే కారు డ్యూ కూడా ఖర్చే అనుకున్నాడు నాయన. అందులో వడ్డీ మాత్రమే ఖర్చట, అసలు కాదట. "చేతిలోంచి పోతాంటే ఖర్చు గాదా?" అని ఆయనకు ఒకటే కోపం.

అసలుకు బదులు చట్టం తరుగుదల ఇస్తుంది. నగల కొట్టులో తరుగంటే మనకు నష్టం. ఇక్కడ అదే కలిసొస్తుంది. బాడుగకు తిప్పే కారుకు ఏటా 30 శాతం. 6 లక్షల కారుకు మొదటి ఏడు 1,80,000. మరుసటి ఏడు మిగిలిన 4,20,000 మీద 1,26,000. లోను తీరకపోయినా పూర్తి ధర మీదే లెక్క. కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ తిరిగితే మాత్రం సగమే.

సొంత తిరుగుడు తీసేయాలి. గిరాకీని హొగెనకల్ తీసుకెళితే ఖర్చు, మేము వెళితే కాదు. 40,000 కిలోమీటర్లలో 4,000 సొంతానివైతే పెట్రోలులోనూ తరుగులోనూ పదోవంతు పోతుంది.

మరి బిల్లులు లేకపోతే? అప్పటి 1961 చట్టంలో 44ఏడీ అనే దారి ఉండేది. బ్యాంకులో పడిన రాబడిలో 6 శాతం, నగదులో 8 శాతం కనీస లాభంగా చూపాలి. ఇక విడిగా ఏ ఖర్చూ అడగకూడదు. 7 లక్షలు బ్యాంకులో, లక్ష నగదుగా వస్తే లాభం 50,000. (టమాటా లోడు తోలే మా బాబాయికి ఇది చెల్లదు. గూడ్స్ బండ్లకు వేరే సెక్షను, చిన్న బండికి నెలకు 7,500.)

"యాభై వేలే రాసేద్దామా?" అన్నాడు నాయన. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే రాయాలన్నారు ఆడిటర్ గారు. పైగా ఏడాదికి యాభై వేలు సంపాదించే మనిషికి బ్యాంకు లోనిస్తుందా? మిగిలింది మిగిలినట్టే రాశాం. అయినా పన్ను పడలేదు. యాప్ వాళ్లు ముందే పట్టుకున్న పన్ను కూడా తిరిగొచ్చింది.

ఇప్పుడు డ్యాష్‌బోర్డులో ఒక నోటుబుక్కు ఉంది. బిల్లులు ఆ రోజుకారోజు ఫొటో తీసి నాకు పంపుతాడు. శనివారం రాత్రి ఫోనులో మీటరు అంకె చదువుతాడు, నేను రాసుకుంటాను.