సినిమా తురకలు – పెనుకొండ చెప్పే చరిత్ర

రాయల సినిమాలకూ హిందూపురానికీ తమాషా బంధం ఒకటుంది. 1956లో 'తెనాలి రామకృష్ణ'లోనూ, 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'లోనూ శ్రీకృష్ణదేవరాయలుగా వేసిన ఎన్టీ రామారావు 1985లో ఇక్కడి ఎమ్మెల్యే అయ్యారు. 1991లో 'ఆదిత్య 369'లో అదే వేషం కట్టిన బాలకృష్ణ 2014 నుంచి ఇక్కడి ఎమ్మెల్యే. ఈ ఊళ్లో రాయలంటే ముందు కళ్లలో మెదిలేది తెర మీది రాయలే. చిక్కేమిటంటే, ఆయన వెనకాలే తెర మీది తురక కూడా మన బుర్రల్లో తిష్ఠ వేశాడు: గుబురు గడ్డం, కాటుక కళ్లు, కుట్ర, వికటాట్టహాసం. 'తెనాలి రామకృష్ణ'లో భానుమతి వేసిన కృష్ణసాని సైతం సుల్తానులు పంపిన వేగే. సినిమాగా దానికి వంక పెట్టలేం, నాకూ ఇష్టమే. దాన్నే చరిత్ర పాఠంగా ఒప్పజెప్పుకోవడమే తంటా.

అపోహ: సుల్తానులంతా తురుష్కులే. అందరిదీ ఒకే జాతి, ఒకే మాట.

బహమనీ రాజ్యం చీలి ఐదు రాజ్యాలయింది. వాటి మూలపురుషుల పుట్టుక చూడండి. గోల్కొండ సుల్తాన్ కులీ నిజంగానే తుర్కమాన్, ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. బీజాపూర్ యూసుఫ్ ఆదిల్ ఖాన్ ఆటోమన్ రాకుమారుడని పాత చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు గానీ, నేటి చరిత్రకారుల్లో చాలామంది దాన్ని కట్టుకథ కిందే లెక్కేస్తారు. బీరార్ మూలపురుషుడు ఫతుల్లా ఇమాదుల్ ముల్క్ అయితే విజయనగర సీమలో పుట్టి, బందీగా పోయి మతం మారిన కన్నడ బ్రాహ్మణుడని చెబుతారు. అహ్మద్‌నగర్ స్థాపకుడి తండ్రిదీ అలాంటి కథే. వీళ్లందరికీ మన మేకప్ మేన్ అంటించే గడ్డం మాత్రం ఒక్కటే!

పైగా బయటి నుంచి వచ్చిన ఆఫాకీలకూ, ఇక్కడే పాతుకుపోయిన దక్కనీలకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బహమనీ మంత్రి మహమూద్ గవాన్ ఇరాన్ వాడు. 1481లో ఆయన తల తెగింది ఈ తగవులోనే, విజయనగరం కత్తికి కాదు.

ఇక తెర మీది తురకకు పెట్టే సగం హిందీ, సగం తెలుగు యాస. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సింహాసనానికి ముందు ఏడేళ్లు విజయనగరంలో, అక్కడ చక్రం తిప్పుతున్న రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. రాజయ్యాక తెలుగు కవులను పోషించాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అలాంటివాణ్ణి ఏ సినిమాలోనైనా తెలుగు సరిగా రానివాడిగా చూపిస్తే నవ్వొస్తుంది.

అపోహ: తురకలంటే టర్కీ దేశస్థులు.

మన వాడుకలో ఆ మాట ముస్లింలందరికీ అంటుకుంది. పెనుకొండ దర్గాలో కొలువైన బాబా ఫకృద్దీన్ సీస్తాన్ నుంచి వచ్చాడని ఐతిహ్యం. సీస్తాన్ ఇరాన్, అఫ్గాన్ సరిహద్దు సీమ, టర్కీ కాదు. ఉరుసుకు వచ్చే హిందువులకు ఈ భూగోళంతో పనిలేదు, వాళ్లకాయన బాబయ్య స్వామి. అసలు టర్కీవాళ్లకూ సినిమా దెబ్బ తగలకపోలేదు. 1978 నాటి 'మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్' ఆ దేశాన్ని ఓ నరకంగా చూపించింది. దాని చిత్రీకరణ జరిగింది మాల్టాలో. స్క్రీన్‌ప్లే రాసిన ఆలివర్ స్టోన్ 2004లో టర్కీ వెళ్లి, అతి చేశామని క్షమాపణ చెప్పుకున్నాడు. రాతకూ క్షమాపణకూ మధ్య పాతికేళ్లు గడిచాయి.

అపోహ: వేషం చూస్తే చాలు, ఎవరు ఎటువైపో తెలిసిపోతుంది.

ఇది తేల్చుకోవడానికి పుస్తకాలక్కర్లేదు, హిందూపురం నుంచి లేపాక్షి బస్సెక్కితే చాలు. వీరభద్రాలయం కప్పు మీది బొమ్మలు విజయనగర రాజు అచ్యుతరాయల కాలం నాటివి. మెడ నొప్పెట్టినా సరే, గుడి కట్టించిన విరుపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ ఉన్న చోట ఆగి చూడండి. చేతులు జోడించి శివుడి ముందు నిలబడ్డారు. నెత్తిన సూదిగా పైకి లేచిన కుళ్లాయి, ఒంటి మీద పొడుగు చేతుల అంగీ. ఆ టోపీ, ఆ అంగీ రెండూ పారశీక, తురుష్క దర్బారుల నుంచి వచ్చిన మోస్తరువే. విజయనగర దొరలకు కొలువులో అది మర్యాద దుస్తు. తిరుమల గుడిలో కృష్ణదేవరాయల రాగి విగ్రహానికి ఉన్నదీ ఆ కుళ్లాయే. అదే కప్పు మీద ఆడవాళ్ల చీరల అంచులను మన ధర్మవరం నేతగాళ్లు మగ్గమెక్కించారు. మగవాళ్ల టోపీ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. అదే ధర్మవరంలో కుళ్లాయప్ప అని పిలిస్తే హిందువులే పలుకుతారు. గూగూడు పీరు కుళ్లాయిస్వామి పేరు అది, మొహర్రంలో మొక్కు తీర్చుకునే ఇళ్లలో పెట్టుకునే పేరు.

అపోహ: తళ్ళికోట హిందువులకూ తురకలకూ మధ్య జరిగిన యుద్ధం.

విజయనగర సైన్యంలో తురక విలుకాళ్లు కొత్తేమీ కాదు. 15వ శతాబ్దంలో రెండో దేవరాయలు వాళ్లను పిలిచి మరీ చేర్చుకున్నాడు, జాగీర్లిచ్చాడు. వాళ్లు సలాం చేయడానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని ఫెరిస్తా రాత. ఆ రాజుకు పుణ్యం కలగాలని అహ్మద్ ఖాన్ అనే కొలువుకాడు 1439లో హంపీలో కట్టించిన ధర్మశాల ఇప్పటికీ ఉంది, శాసనంతో సహా. 1565 జనవరిలో తళ్ళికోట పోరులో రామరాయల వైపు నుంచి ఇద్దరు ముస్లిం సేనానులు ఫిరాయించారని రెండేళ్ల తర్వాత అక్కడికొచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు. సినిమావాళ్లకు నచ్చే ముక్క అది. సరే, నమ్మినా, అంత పెద్ద దళాలను రామరాయలు వాళ్ల చేతుల్లో ఎందుకు పెట్టాడు? ఆ ప్రశ్న ఎవరూ వేయరు.

సుల్తానుల సైన్యాలు విజయనగరాన్ని తగలబెట్టాయి, గుళ్లు కొల్లగొట్టాయి. అందులో దాపరికం అక్కర్లేదు. కానీ 1579లో కుతుబ్‌షా పక్షాన అహోబిలం మీద పడి దోచిన సేనాని పేరు మురహరి రావు, మరాఠా బ్రాహ్మణుడు.

తళ్ళికోట తర్వాత రామరాయల తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండ చేరాడు. ఆ కోట మీదికి బీజాపూర్ సైన్యాన్ని పిలిచిందెవరనుకున్నారు? తళ్ళికోటలో తల పోగొట్టుకున్న రామరాయల కొడుకు పెద తిరుమల. బాబాయితో గద్దె తగవు. తండ్రి మీద కత్తి దూసిన ఆదిల్‌షానే సాయమడిగాడు. ఇటు బాబాయి ఊరుకున్నాడా? ఆయన అహ్మద్‌నగర్ నిజాంషాను ఆశ్రయించాడు. తళ్ళికోటలో రామరాయల తల నరికించింది ఆ నిజాంషాహీ వంశమే. కోటను కాపాడింది సవరం చెన్నప్ప నాయకుడు. ఆ తర్వాత అక్కడ లేచిన గగన్ మహల్‌కు కింద కమానులు, పైన గుడి శిఖరం లాంటి బురుజు. అలా కట్టినందుకు ఎవరూ ఎవర్నీ నిందించినట్టు లేదు.

చారిత్రక సినిమా తీయబోయే రచయితలకు ఒక మనవి: మంచివాళ్లెవరో, చెడ్డవాళ్లెవరో టోపీలను బట్టి పంచేముందు ఒక్కసారి పెనుకొండ వచ్చి కోట చూడండి. ఇంతకన్నా రక్తికట్టే కథ మీకు స్టూడియోలో దొరకదు.