నెట్లీ శిథిలం, సింగపూర్ సున్నం

ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో, సౌతాంప్టన్ నగరానికి దగ్గరలో నెట్లీ మఠం శిథిలాలు ఉన్నాయి. ఈ మఠాన్ని తలపెట్టినవాడు వించెస్టర్ బిషప్ పీటర్ డి రోష్. 1238లో ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడాది బ్యూలీ మఠం నుంచి వచ్చిన సన్యాసులు ఇక్కడ స్థిరపడ్డారు. వీరు సిస్టర్షియన్ శాఖవారు. ప్రార్థన, కాయకష్టం, నిరాడంబరత వీరి నియమాలు. 1251లో మూడో హెన్రీ రాజు పోషకుడు కావడంతో మఠానికి పెద్ద చర్చి సమకూరింది.

ఆ చర్చిని గోథిక్ శైలిలో కట్టారు. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకున్న ఈ శైలికి ఆయువుపట్టు కొనదేలిన కమాను. అర్ధవృత్తపు కమాను పైబరువును పక్కలకు ఎక్కువగా నెడుతుంది. కొనదేలిన కమాను ఆ బరువులో ఎక్కువ భాగాన్ని కిందికి దించుతుంది. అందువల్ల గోడలను ఎత్తుగా లేపి, వాటిలో పెద్ద కిటికీలు తెరిచే వీలు కలిగింది.

1536లో ఎనిమిదో హెన్రీ రాజు ఏడాదికి 200 పౌండ్లలోపు ఆదాయమున్న మఠాలను రద్దు చేయించాడు. నెట్లీ కూడా వాటిలో ఒకటి. సన్యాసులు వెళ్లిపోయారు. రాజు ఆ స్థలాన్ని తన కొలువులోని విలియం పౌలెట్‌కు ఇవ్వగా, అతడు చర్చితో సహా అంతటినీ నివాస భవనంగా మార్చుకున్నాడు. 18వ శతాబ్దం తొలినాళ్లకు ఆ భవనమూ పాడుబడింది. రాళ్ల కోసం దాన్ని కొన్న వాల్టర్ టేలర్ మీద కిటికీ కమాను కూలిందని, అతడి మరణంతో కూల్చివేత ఆగిపోయిందని చెబుతారు. ఆ తరువాత పైకప్పు లేని గోడలను తీగలు అల్లుకున్నాయి. కవి థామస్ గ్రే, చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ వంటివారు వాటిని చూడడానికి వచ్చారు. 1922లో శిథిలాలు ప్రభుత్వ సంరక్షణలోకి చేరాయి.

ఈ మఠం పోలికలు సింగపూర్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్‌లో కనిపిస్తాయి. అక్కడి పాత చర్చి మీద 1845లోనూ, 1849లోనూ పిడుగులు పడ్డాయి. ప్రమాదమని 1852లో దాన్ని మూసేసి, తరువాత కూల్చివేశారు. కొత్త చర్చికి నమూనా గీసింది ఇంజనీరు రోనాల్డ్ మెక్‌ఫర్సన్. ఆయన నెట్లీ శిథిలాలను ఆదర్శంగా తీసుకున్నాడని చెబుతారు. 1856 మార్చిలో పునాదిరాయి పడింది. 1861 అక్టోబరులో తొలి ప్రార్థన, 1862 జనవరిలో ప్రతిష్ఠ జరిగాయి.

కట్టడానికి చెమటోడ్చినవారు భారతదేశం నుంచి ప్రవాస శిక్ష మీద వచ్చిన ఖైదీలు. 1825 నుంచి సింగపూర్‌కు ఇలాంటి ఖైదీలను తరలించేవారు. వారు బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రాంతాలవారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. గోడల లోపలి పూతకు వాడింది కూడా మద్రాసు సున్నమే. దాని తయారీని మెక్‌నైర్ అనే అధికారి 1899లో అచ్చయిన తన పుస్తకంలో వివరించాడు. గుల్లసున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర కలిపి మెత్తగా రుబ్బేవారు. కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్లు పోసేవారు. పూత ఆరాక నున్నని రాళ్లతో రుద్ది మెరుగు పెట్టేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి తెలుగునాట తయారుచేసిన డంగు సున్నానికి ఇది దగ్గరి చుట్టం. మెక్‌ఫర్సన్ పేరు చరిత్ర పుస్తకాల్లో నిలిచింది. పూత పూసిన మనుషుల పేర్లకు కూడా ఆ గౌరవం దక్కాల్సింది.

సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్ నుంచి ఈ కేథడ్రల్‌కు వెళ్లడం తేలిక. ఈస్ట్-వెస్ట్ మార్గంలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా పదకొండో స్టేషన్ సిటీ హాల్. స్టేషన్ పక్కనే తెల్లని శిఖరం కనిపిస్తుంది. గోడల పొడవునా కొనదేలిన కిటికీలు బారులు తీరి ఉంటాయి. తూర్పు కొసన ఉన్న మూడు రంగుటద్దాల కిటికీలు బ్రిటిష్ కాలపు అధికారులైన రాఫిల్స్, క్రాఫర్డ్, బటర్‌వర్త్ జ్ఞాపకార్థం పెట్టినవి. అసలైన మధ్యయుగపు గోథిక్ శిథిలానికి చెందిన గుర్తు కూడా లోపల ఒకటుంది. 1940లో జర్మన్ బాంబుదాడికి ఇంగ్లాండ్‌లోని కోవెంట్రీ కేథడ్రల్ కూలిపోయింది. ఆ శిథిలాల్లో దొరికిన మేకులతో చేసిన శిలువ అది. 1942 ఫిబ్రవరిలో జపాన్ సేనలు సింగపూర్‌ను చుట్టుముట్టినప్పుడు సెయింట్ ఆండ్రూస్ క్షతగాత్రులకు ఆసుపత్రిగా పనిచేసింది. 1973లో సింగపూర్ ప్రభుత్వం దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఇక్కడ ఇప్పటికీ ఆరాధనలు జరుగుతున్నాయి. ప్రార్థనలు లేని వేళల్లో సందర్శకులు లోపలికి వెళ్లి కిటికీలనూ, కమానులనూ తీరిగ్గా చూడవచ్చు.