చేపల తొట్టిలో గాజు గొట్టం

అక్వేరియం దగ్గర నిలబడ్డవాళ్ళందరూ చేపల్నే చూస్తారు. వెనకమూల మొక్కల చాటున, రబ్బరు మూతులతో అద్దానికి అతుక్కుని నిలబడ్డ గాజు గొట్టం జోలికి ఎవరూ పోరు. జానెడు పొడవు, బొటనవేలంత లావు. పైన ఓ మర, ఓ చిన్న ఎర్రదీపం. ఆ దీపం వెలుగుతూ ఆరుతూ ఉన్నంతకాలం అమెజాన్ ఏటిలో పుట్టాల్సిన చేప డాలస్ ఇంటి హాల్లో దర్జాగా తిరుగుతుంది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, మంచు తుపాను దెబ్బకు టెక్సస్‌లో కరెంటు కోతలు మొదలైనప్పుడు లక్షల ఇళ్ళతో పాటు ఈ దీపాలూ ఆరిపోయాయి. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లోని తెలుగు కుటుంబాలకూ ఆ వారం బాగా గుర్తుండే ఉంటుంది.

నిజానికి అక్వేరియం పుట్టినప్పుడు దానికి హీటరు అవసరమే లేదు. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ బంగారు చేపల్ని, నీటిమొక్కల్ని, నత్తల్ని ఒకే తొట్టిలో ఉంచి, ఒకదాన్నొకటి ఎలా బతికించుకుంటాయో చూపించాడు. అంతకు అయిదేళ్ళ ముందే, 1845లో, బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేయడంతో పెద్ద అద్దాలు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల కోసం ఒక ప్రత్యేక భవనం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ‘అక్వేరియం’ అన్న మాట జనం నోళ్ళలో పడింది. వీళ్ళు పెంచినవి ఎక్కువగా ఇంగ్లండు చెరువుల్లోవి, తీరాల్లోవి. చలి వాటికి పుట్టింటిదే.

వేడి కావాల్సిన జాతులకు దారి తీసింది పారిస్ పెంపకందారు పియెర్ కార్బోన్యే. 1869లో చైనా నుంచి వచ్చిన పారడైజ్ చేపల్ని అతను పెంచి పిల్లలు చేయించాడు. ఆ చేప నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు, కాబట్టే అన్ని వారాల ఓడ ప్రయాణాన్ని తట్టుకుంది. విచిత్రమేమంటే అది చలికీ ఓర్చుకుంటుంది. దాని వెనక వచ్చిన అతిథులే సుకుమారులు.

వాటి కోసం ఇనుప చట్రంలో అద్దాలు బిగించి, అడుగున మాత్రం పలకరాయి వేసి, దాని కింద దీపమో గ్యాసు మంటో పెట్టేవారు. అడుగున గాజే ఉంటే నిప్పుసెగకు పగిలిపోతుంది మరి. వేడి ముందుగా మొక్కల వేళ్ళకు తగిలేది, గదిలో పొగ, వాసన. మంటకు ఎప్పుడు ఆగాలో తెలియదు గనక రాత్రి పెంచడం, మధ్యాహ్నం తగ్గించడం మనిషి పనే. అయినా ఆ మొరటు ఏర్పాటును నేను తీసిపారెయ్యను. ఎక్కడో వంద మైళ్ళ అవతల పవర్ ప్లాంటు ఆగితే ఆరిపోయే మంట కాదది.

ఇవాళ్టి గాజు గొట్టం వెనక రెండు పాత ఆవిష్కరణలున్నాయి. ఒకటి నైక్రోమ్ తీగ. నికెల్‌లో క్రోమియం కలిపిన ఈ మిశ్రమలోహానికి అమెరికన్ ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. విద్యుత్తును ఇది రాగి కంటే సుమారు 60 రెట్లు ఎక్కువగా అడ్డుకుంటుంది. ఆ పెనుగులాటే వేడి. ఎర్రగా కాలినా బూడిదైపోదు. పైన ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర కవచమై కాపాడుతుంది. మన ఇస్త్రీపెట్టెలో ఉండేదీ ఇదే. రెండోది ద్విలోహ పట్టీ. వేడికి ఒకేలా సాగని రెండు లోహాలను అంటిస్తే, వేడెక్కినప్పుడు పట్టీ ఒక వైపుకు వంగుతుంది. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ ఓడల గడియారాల కోసం కనిపెట్టిన ఉపాయమిది.

పాడైన హీటరొకటి విప్పి చూడండి, ప్లగ్గు తీసేశాకే సుమా. పింగాణీ కడ్డీ చుట్టూ నైక్రోమ్ తీగ, దాని పైన ద్విలోహ పట్టీ, పట్టీ కొసన మినుపగింజలో సగముండే లోహపు బొడిపె. నీళ్ళు చల్లబడితే పట్టీ వంగి బొడిపె ఎదుటి బొడిపెకు తగులుతుంది, కరెంటు పారుతుంది. చాలావాటిలో పక్కనే ఓ చిట్టి అయస్కాంతం కూడా ఉంటుంది. తగలనా వద్దా అని పట్టీ తచ్చాడితే నిప్పురవ్వలు లేస్తాయి కదా, అందుకని టక్కున లాగి అతికించడం దాని పని. ఏళ్ళ తరబడి రవ్వలు రేగి బొడిపెలు ఒకదానికొకటి అతుక్కుపోయాయంటే ఇక హీటరు ఆగదు, చేపలు ఉడికిపోతాయి. పెద్ద హీటరు ఒకటి పెట్టే బదులు చిన్నవి రెండు పెట్టమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. ఇప్పుడు డిజిటల్‌వి వచ్చాయి, సంతోషం. తీగ మాత్రం అదే తీగ.

ఇక అసలు సంగతి. లీటరుకు ఒక వాటు అన్నది దుకాణాల్లో చెప్పే లెక్క. 100 లీటర్ల తొట్టికి 100 వాట్ల హీటరు. ఈ లెక్క వెనక ఎవరూ పైకి చెప్పని షరతు ఒకటుంది: ఇల్లు వెచ్చగా ఉండాలి. అంత తొట్టి గది కంటే ఒక డిగ్రీ వెచ్చగా ఉండటానికి స్థూలంగా ఏడు వాట్లు తింటుంది. గది 21 డిగ్రీలుంటే నీటిని 26 దగ్గర నిలపడానికి 35 వాట్లు చాలు. గది 6 డిగ్రీలకు పడిపోతే 140 కావాలి. అంటే జనరేటరు పెట్టి నడిపినా మన 100 వాట్లు నీటిని 20 డిగ్రీల దగ్గరే నిలబెట్టగలవు. ఇన్నాళ్ళూ చేపల్ని కాపాడిందనుకున్న హీటరు తన భారంలో ఎక్కువ పాలు ఇంటి ఫర్నేస్ మీద మోపిందన్న మాట. ఆ ఫర్నేస్ గ్యాసుతో మండినా, వేడిగాలిని గదులకు తోసే ఫ్యాను కరెంటుదే. కరెంటు పోతే రెండూ ఒకేసారి పోతాయి. టెక్సస్‌లో జరిగిందదే. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 19 డిగ్రీలు.

అప్పుడు చేపకు మిగిలే ఆధారం నీళ్ళే. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే 4,186 జౌళ్ళ వేడి వదులుకోవాలి. అంత బిగిపిడికిలి నీటిది. మన 100 లీటర్ల తొట్టి, 6 డిగ్రీల గదిలో, మొదట్లో గంటకు డిగ్రీ పైచిలుకు చొప్పున మాత్రమే చల్లబడుతుంది. తర్వాత ఇంకా మెల్లగా. 10 లీటర్ల గిన్నె దీనికి రెట్టింపు వేగంతో చల్లబడుతుంది. చిన్న తొట్టి సులువనుకుని కొనేవాళ్ళకు ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

చేప శీతల రక్త జీవి. ఒంటి వేడి నీటి వేడే. 10 డిగ్రీలు తగ్గితే దేహక్రియలు దాదాపు సగానికి మందగిస్తాయి. మెల్లగా 20 దాకా దిగితే చాలా ఉష్ణమండల జాతులు ఒకటి రెండు రోజులు నీరసంగానైనా నెట్టుకొస్తాయి. డిస్కస్ లాంటివాటికి అంత ఓపిక లేదు. బంగారు చేపకు అసలు లెక్కే లేదు. చలి హఠాత్తుగా పడితే ఏమవుతుందో ఆ వారమే టెక్సస్ తీరం చూపించింది. కనీసం 38 లక్షల చేపలు చనిపోయాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంచనా. కొయ్యబారిన సముద్రపు తాబేళ్ళను వేల సంఖ్యలో మోసుకొచ్చి సౌత్ పాడ్రే ఐలండ్ సమావేశ మందిరంలో వరసగా పడుకోబెట్టారు.

కాబట్టి కరెంటు పోయినప్పుడు చేయాల్సింది వేడి పుట్టించడం కన్నా ముందు ఉన్న వేడిని పోనివ్వకపోవడం. అంగుళం మందం థర్మోకోల్ షీట్లు నాలుగు వైపులా, మూత మీదా పెడితే పోయే వేడి అయిదో వంతుకో నాలుగో వంతుకో తగ్గుతుంది. దాని పైన దుప్పటి. చూడాలనిపించి మాటిమాటికీ మూత తెరవకండి. మేత ఆపేయండి. అరగని మేత, కుళ్ళే మేత రెండూ అమ్మోనియానే పెంచుతాయి.

ఆ తర్వాత వేడినీళ్ళ బాటిళ్ళు. 70 డిగ్రీల నీళ్ళున్న రెండు లీటర్ల బాటిల్ 100 లీటర్ల తొట్టిని ఒక డిగ్రీ పెంచుతుంది. అంతే, మ్యాజిక్ ఆశించొద్దు. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది. బాటిల్ దించే ముందు తొట్టిలోంచి కాస్త నీరు తీసి పెట్టుకోండి, లేకపోతే పొర్లి నేల పాలవుతుంది. కుళాయి వేడినీళ్ళు నేరుగా పోయకండి, అందులో క్లోరిన్ ఉంటుంది.

ఇన్వర్టరు బ్యాటరీని హీటరుకు ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగ. 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 100 వాట్ల హీటరును సగం రోజుకు మించి లాగదు. నాలుగైదు వాట్ల ఎయిర్ పంపునయితే రోజుల తరబడి నడుపుతుంది. అదీ ఆగి ఆగి నడపాలి, ఎందుకంటే పంపు తోసేది గదిలోని చల్లగాలినే. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములైతే 15 దగ్గర 10. చేపకు కావాల్సిందీ తక్కువే. పంపు లేకపోతే గంటకోసారి చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి పోసినా సరిపోతుంది.

ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బొగ్గుల గ్రిల్లుగానీ జనరేటరుగానీ ఇంట్లోకి, గరాజ్‌లోకి తేవద్దు. ఆ తుపాను వల్ల టెక్సస్‌లో 246 మంది చనిపోయారని ప్రభుత్వం లెక్క తేల్చింది. వాళ్ళలో కార్బన్ మోనాక్సైడుకు బలైనవాళ్ళూ ఉన్నారు. చేప కోసం మనుషులు పోకూడదు.

కరెంటు తిరిగొచ్చేసరికి నీటిమట్టం తగ్గి హీటరు బయటికి తేలి ఉంటే, కాలిన గాజు మీద నీళ్ళు పోయగానే ఫట్‌మంటుంది. అందుకే ముందే ప్లగ్గు పీకి ఉంచండి. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్లో కొన్ని గంటలు నిలిచిపోయిన నీటిని పారబోశాకే స్విచ్చి వెయ్యండి. అందులో మేలుచేసే బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చి విషం తయారవుతుంది. నీటిని గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించకుండా వేడెక్కనివ్వండి. తర్వాత వారం పదిరోజులు రెక్కల మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లమచ్చలు వస్తాయేమో చూస్తుండండి. చలికి నీరసించిన చేపల్ని ముందు పట్టేది ఆ మచ్చలు తెచ్చే పరాన్నజీవే.

మన హైదరాబాదులో ఈ బాధ తక్కువ, మూసిన గది జనవరిలోనూ మరీ చల్లబడదు. చలిదేశాల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఈ శీతాకాలం రాకముందే తొట్టి కొలతలకు థర్మోకోల్ కోయించి వెనకాల పెట్టుకోండి. దాని ఖరీదు హీటరు ఖరీదు కంటే తక్కువే.