పేదల ప్లీడరు రావిశాస్త్రి

కోర్టు అంటే మనలో చాలామందికి భయం. నల్లకోటు వేసుకున్నవాళ్లు ఏదో మాట్లాడుకుంటారు. కేసు మనది, కష్టం మనది. ఆ మాటలు మాత్రం మనకు తెలియవు. కాగితం చూపించి వేలిముద్ర వెయ్యమంటారు. వేసి వచ్చేస్తాం. అందులో ఏముందో ఇంటికొచ్చాక కూడా తెలియదు.

ఇలా భయపడుతూ కోర్టు మెట్లెక్కినవాళ్ల పక్కన నిలబడిన ప్లీడరు ఒకాయన విశాఖపట్నంలో ఉండేవారు. ఆయన పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి. రాచకొండలో ‘రా’, విశ్వనాథలో ‘వి’ కలిపి అందరూ ఆయనను రావిశాస్త్రి అనేవారు.

ఇల్లు, చదువు

రావిశాస్త్రి 1922 జులై 30న శ్రీకాకుళంలో పుట్టారు. సొంత ఊరు అనకాపల్లి దగ్గర తుమ్మపాల. తండ్రి నారాయణమూర్తి ప్లీడరు. తల్లి సీతమ్మకు పుస్తకాలంటే ఇష్టం. తండ్రి పని, తల్లి ఇష్టం రెండూ కొడుక్కి అబ్బాయి. ఆయన మద్రాసులో లా చదివారు. తాతగారి దగ్గర పని నేర్చుకున్నారు. 1950లో విశాఖలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు.

ఎవరి తరఫున?

కేసులు రెండు రకాలు. భూమి, ఇల్లు, అప్పు తగాదాలు సివిల్ కేసులు. దొంగతనం, కొట్లాట, దొంగసారా వంటివి క్రిమినల్ కేసులు. రావిశాస్త్రి దగ్గరికి ఎక్కువగా క్రిమినల్ కేసుల్లో చిక్కుకున్న పేదలు వచ్చేవారు.

విశాఖ రేవు 1933లో మొదలైంది. పని కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చారు. అందరికీ పని దొరకలేదు. అప్పట్లో మద్యనిషేధం ఉండేది. పొట్ట గడవక కొందరు దొంగచాటుగా సారా అమ్మేవారు. వాళ్లలో ఆడవాళ్లు కూడా ఉండేవారు. పోలీసులకు పట్టుబడి కోర్టుకు వచ్చేవారు.

‘సారా సంసారాలను కూల్చేస్తుంది కదా! అది అమ్మినవాళ్ల తరఫున వాదించడం ఏమిటి?’ అని మీరు అడగవచ్చు. అడగాల్సిన మాటే. నేరం రుజువయ్యేదాకా ఎవరినీ నేరస్తులు అనకూడదు. ఇది చట్టం. నిజంగా అమ్మిందా? సాక్షులు చూసే చెబుతున్నారా, నేర్పిస్తే చెబుతున్నారా? ఇవన్నీ అడగాలి. చదువు లేని మనిషి జడ్జిగారి ముందు అడగలేదు. ఆమె తరఫున అడిగేవాడే ప్లీడరు.

కోర్టులో చూసింది కథల్లో రాశారు

సారా మంచిదని రావిశాస్త్రి ఎక్కడా చెప్పలేదు. ఆయన అడిగింది వేరే ప్రశ్న. సారా మీద డబ్బు గడించేది ఎవరు? బోనులో నిలబడేది ఎవరు? లాభం పెద్దవాళ్లది, జైలు పేదవాళ్లది అని ఆయన కళ్లారా చూశారు. దాని మీదే ‘ఆరు సారా కథలు’ రాశారు.

అందులో ‘మాయ’ అనే కథ ఉంది. సారా కేసులో పట్టుబడిన ముత్యాలమ్మ అందులో మనిషి. లోకం తీరు ఎలాంటిదో కొత్త ప్లీడరుకు ఆమే విప్పి చెబుతుంది. చదువుకున్నవాడికి పేదరాలు పాఠం చెబుతుందన్నమాట!

ఆ కథల్లో మనుషులు మన ఉత్తరాంధ్ర యాసలోనే మాట్లాడతారు. కోర్టులో విలువ లేని మాట పుస్తకంలోకి ఎక్కింది.

1975లో దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. ప్రభుత్వాన్ని విమర్శించిన ఎందరినో జైల్లో పెట్టారు. రావిశాస్త్రినీ పెట్టారు. ఇతరుల కోసం వాదించిన ప్లీడరు తానే ఖైదీ అయ్యారు. బయటికి వచ్చాక కూడా రాయడం మానలేదు. 1993 నవంబరు 10న ఆయన చనిపోయారు.

ఇప్పుడు మనకేం దారి?

అందరికీ అలాంటి ప్లీడరు దొరకాలని లేదు. అందుకని 1987లో ఒక చట్టం చేశారు. అది 1995 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఆడవాళ్లు ఎవరైనా ఉచితంగా ప్లీడరును అడగవచ్చు. ఆదాయం ఎంతని చూడరు. సివిల్ కేసైనా, క్రిమినల్ కేసైనా సరే. ప్రతి జిల్లాలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడ అర్జీ ఇవ్వాలి. 15100కు ఫోను చేసినా వివరాలు చెబుతారు. ఇది ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు. మన హక్కు.

ప్లీడరు వచ్చినా మన పని ఒకటి మిగిలే ఉంటుంది. కాగితం చేతికి ఇస్తే ముందు చదవాలి. తెలియని మాట ఉంటే అడగాలి. ఖాళీ కాగితం మీద సంతకం చెయ్యకూడదు. ఇంతకాలం మన తరఫున ఇంకొకరు చదివారు. ఇప్పుడు అక్షరం మన చేతిలో ఉంది.